వేగం తగ్గాక సాలెం ఆడిన ఆట

1993 సెప్టెంబర్‌లో నేను దోహాలో ఒక ఫుట్‌బాల్ క్లబ్బులో ఫిజియోథెరపిస్టుగా చేరాను. అంతకు ముందు హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రి ఎముకల విభాగంలో కొన్నేళ్లు పనిచేశాను. అక్కడ నా దగ్గరికి వచ్చేవాళ్లు ఎక్కువగా తుంటి విరిగిన ముసలివాళ్లు, స్కూటర్ మీంచి పడి మోకాలు దెబ్బతిన్న గుమాస్తాలు. మళ్లీ నడవగలిగితే చాలని వాళ్లు దండం పెట్టేవారు. క్లబ్బులో నడకను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. పరుగు, పరుగులో హఠాత్తుగా ఆగడం, ఆగినచోటి నుంచి పక్కకు తిరగడం, ఇవన్నీ వస్తేనే మనిషి బాగుపడ్డట్టు.

జట్టు వ్యవహారంలో పైన మేనేజర్, ఆటకు సంబంధించి కోచ్, వారానికి రెండుసార్లు వచ్చే డాక్టర్, ఆ తర్వాత నేను. ప్రతిరోజూ సాధనకు ముందు కోచ్ నన్ను అడిగేది ఒకటే: ఈ రోజు ఎవరు ఫిట్, ఎవరు కాదు. మైదానం గీత దగ్గర నిలబడి నేను నోటితో చెప్పిందే ఆ రోజుకు తీర్పు. డాక్టర్‌కు దాన్ని మార్చే అధికారం ఉంది. మేనేజర్‌కు ఆ అధికారం లేదు గాని, మార్పించగల పలుకుబడి ఉంది. ఈ తేడా అర్థం చేసుకోవడానికి నాకు ఒక సీజన్ పట్టింది.

మా కాపురం దోహాలోనే ఫరీజ్ బిన్ మహమూద్ అనే పేటలో, మూడో అంతస్తులో. ఆ రోజుల్లో ఆ దేశంలో మా క్రైస్తవులకు ఆరాధనా మందిరం లేదు. శుక్రవారం ఉదయం నాలుగైదు తెలుగు కుటుంబాలు మా హాల్లో చాపల మీద కూర్చుని, పక్కింటివాళ్లకు ఇబ్బంది లేకుండా గొంతు తగ్గించి పాడుకునేవాళ్లం. క్లబ్బులో నా విశ్వాసం గురించి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. చికిత్స గదిలో ఆటగాళ్లు నమాజుకు నిలబడితే యంత్రం ఆపేసి పక్కకు తప్పుకునేవాణ్ణి. ప్రార్థించే మనిషికి చోటివ్వాలని మా నాన్నగారు నేర్పారు.

సాలెం ఆ ఏడే కుర్రాళ్ల జట్టు నుంచి పెద్ద జట్టులోకి వచ్చాడు. పద్దెనిమిదేళ్లు. సన్నటి కాళ్లు, వెడల్పాటి భుజాలు. అల్ ఘర్రాఫా పేటలో వాళ్ల ఇల్లు. కుడి వింగ్‌లో, అంటే మైదానం కుడి అంచున ఆడేవాడు. బంతి కాలికి తగిలిందంటే ఇక తల ఎత్తేవాడు కాదు. ఒకణ్ణి దాటేవాడు, ఇంకొకణ్ణి దాటేవాడు, మూడోవాడి దగ్గర కాలు పడి బోర్లా పడేవాడు. దాటినప్పుడు జనం లేచి నిలబడేవారు. పడ్డప్పుడు నేను సంచీ పట్టుకుని పరిగెత్తేవాణ్ణి. అప్పటి మా కోచ్ బ్రెజిల్ ఆయన. ఒకరోజు సాలెం చీలమండకు నేను పట్టీ చుడుతుంటే పక్కన నిలబడి, ఈ కుర్రాడికి దేవుడు కాళ్లు ముందు పంపాడు, కళ్లు ఇంకా దారిలో ఉన్నాయి అన్నాడు. సాలెం కూడా నవ్వాడు. అది తన ఆటలోని లోపం గురించేనని అప్పుడు అతను అనుకోలేదనిపిస్తుంది.

ఈ వృత్తిలో యంత్రాలకన్నా ముందు ప్రశ్న వస్తుంది. నొప్పి ఎక్కడ, ఎప్పుడు, ఏ కదలికలో. ఆ మూడింటికీ సరైన జవాబు దొరికితే సగం వైద్యం అయినట్టే. అక్కడి కుర్రాళ్ల దగ్గర ఈ ప్రశ్న పారేది కాదు. ఎలా ఉందని ఎవరడిగినా ముందు దేవునికి కృతజ్ఞత చెప్పడం వాళ్ల మర్యాద. చీలమండ బంతిలా వాచి ఉన్నా "అల్‌హందులిల్లా, మాఫీ ముష్కిల" అనేవారు. దేవుని దయ, ఏ ఇబ్బందీ లేదు అని. దాన్ని అబద్ధమని నేను అనుకోలేదు. బాపట్ల దగ్గర మా సంఘంలోనూ ఇదే వాడుక. ఒళ్లు కాలిపోతూ మందిరానికి వచ్చిన పెద్దమ్మ కూడా గుమ్మంలో "ప్రభువు కృపలో బాగున్నానయ్యా" అనేది. లోపల కూర్చున్న కాసేపటికి, చెయ్యి పట్టుకుని అసలు సంగతి చెప్పేది. అందువల్ల నేను మొదటి జవాబును గౌరవంగా విని, కాసేపు ఏదో పని చేసి, రెండోసారి అడగడం అలవాటు చేసుకున్నాను. చాలామంది రెండోసారి నిజం చెప్పేవారు. సాలెం రెండోసారీ మాఫీ ముష్కిలే అనేవాడు.

రెండో సీజన్‌లో, 1994 డిసెంబర్‌లో, ఒక మ్యాచ్‌లో పూర్తి వేగంతో పరిగెడుతూ ఉన్నట్టుండి ఆగి వెనక్కి తిరిగి చూశాడు. ఎవరో వెనక నుంచి రాయి విసిరారనుకున్నాడట. తొడ వెనక కండరం తెగినప్పుడు చాలామందికి అలాగే అనిపిస్తుంది. దాన్ని మేము హ్యామ్‌స్ట్రింగ్ అంటాం. చిరుగు ఎంత లోతైందన్న దాన్నిబట్టి మూడు గ్రేడులు. అతనిది రెండోది. కుడి కాలు కాబట్టి బండి నడపడానికి లేదు. ఇంటి డ్రైవర్ అతన్ని రోజూ క్లబ్బుకు తెచ్చేవాడు. ఆ డ్రైవర్ పేరు ఓబులేసు. రాజంపేట వైపు మనిషి.

నేను ఫోన్‌లో మా ఆవిడతో మాట్లాడుతుంటే విని గుమ్మంలోనే ఆగిపోయాడు.

"సార్, మీరు తెలుగోళ్లా? వారం నుంచి నాతో హిందీలో మాట్లాడిస్తాండారే. నా హిందీ వింటే మా ఊర్లో మేకలు గూడా నవ్వుతాయి సార్."

ఆ రోజు నుంచి అతనికి నా గదిలో ఒక కుర్చీ ఏర్పడింది. సాలెం కాలికి నేను అల్ట్రాసౌండ్ చికిత్స పెడుతుంటే, ఎదురుగా కూర్చుని కడప మాండలికంలో వ్యాఖ్యానం చేసేవాడు. సాలెం చిన్నప్పటి నుంచి డ్రైవర్ల దగ్గర నేర్చిన హిందీలో జవాబిచ్చేవాడు. ఇద్దరూ ఒకరి మాట ఒకరు సగం అర్థం చేసుకుంటూ గంటలకొద్దీ వాదించుకునేవారు.

1995 ఫిబ్రవరిలో రంజాన్ వచ్చింది. కండరం అతుక్కుంటోంది. ఇంకో మూడు వారాలు పరుగు వద్దని చెప్పాను. అక్కడ రంజాన్ నెలలో పేటపేటకూ ఫుట్‌బాల్ పోటీలు జరుగుతాయి. ఉపవాసం విడిచాక, ఇసుక మైదానాల్లో, దీపాల వెలుగులో. అన్నదమ్ముల పిల్లలు, మేనమామ కొడుకులు అంతా ఒక జట్టు. క్లబ్బులో ఆడే కుర్రాడు తన పేట జట్టుకు ఆడనంటే ఇంటిపేరుకే తలవంపు. సాలెం కాదనలేకపోయాడు. మొదటి ఆటలోనే అదే కండరం అదే చోట తెగింది. ఈసారి మరింత లోతుగా.

మర్నాడు కుంటుతూ వచ్చి బల్ల మీద పడుకున్నాడు. ఎలా ఉందంటే అల్‌హందులిల్లా అన్నాడు. రెండోసారి అడిగాను. మాఫీ ముష్కిల అన్నాడు. తొడ వెనక అరచేతి మేర నల్లగా కమిలి ఉంది. నేను ఓబులేసును బయటికి పిలిచి, నువ్వే కదా తీసుకెళ్లింది, ఎందుకు ఆపలేదని కొంచెం కోపంగానే అడిగాను.

"నేనేంది సార్ ఆపేది? నేను డ్రైవర్ని. బండి ఆపమంటే ఆపుతా. మనిషిని ఆపాలంటే ఆడ బ్రేకు ఉండదు గదా."

"నాకైనా చెప్పాల్సింది."

"చెప్పింటే రేపు మా బాబా నన్ను విమానం ఎక్కిస్చాడు. మీరు ఎయిర్‌పోర్టుకు వచ్చి దిగబెడతారు, అంతే గదా." బాబా అంటే సాలెం తండ్రి, ఓబులేసుకు వీసా ఇచ్చిన యజమాని.

ఆ సీజన్‌కు సాలెం ఆట ముగిసిందని డాక్టర్ చెప్పాడు. మేనేజర్ నన్ను గదికి పిలిచి తలుపు వేశాడు. మర్యాదస్తుడే గాని మాటలు పొదుపు. సెప్టెంబర్ నాటికి కుర్రాడు పరిగెత్తకపోతే రెండో జట్టుకు పంపుతామని, అక్కడికి పోయినవాళ్లెవరూ తిరిగి రాలేదని నాకు తెలుసు కదా అని అన్నాడు. ఆ రోజే సాలెంకు నేను చెప్పవలసింది చెప్పాను. ఒకే చోట రెండుసార్లు తెగిన కండరం అతుకుతుంది గాని, అతుకు బిరుసుగా ఉంటుంది. కష్టపడితే మళ్లీ ఆడతావు. కాని పాత వేగం పూర్తిగా రాకపోవచ్చు. మూడోసారి తెగితే నేను చేయగలిగింది ఉండదు.

అతను పైకప్పు వైపు చూస్తూ, "వేగం లేకపోతే నేనెవర్ని, దక్తూర్?" అన్నాడు. నేను డాక్టర్ని కాదని ఎన్నిసార్లు చెప్పినా అతను అలాగే పిలిచేవాడు.

ఆదివారపు బడిలో నేర్చుకున్న ఒక బైబిలు కథ నా నోటి చివరి దాకా వచ్చింది. దేవుని దూతతో తెల్లవార్లూ పెనుగులాడి, తొడగూడు వసిలి, కుంటుతూనే కొత్త పేరుతో బయలుదేరిన పితరుడి కథ. చెప్పలేదు. ఆ పనికి క్లబ్బు నాకు జీతం ఇవ్వడం లేదు. ఇంట్లో మా ఆవిడతో మాత్రం, శుక్రవారం ప్రార్థనలో ఈ కుర్రాణ్ణి కూడా జ్ఞాపకం చేసుకుందామన్నాను.

"ఒక ఆటగాడి తొడ కోసం సంఘమంతా ప్రార్థించాలాండీ?" అంది నవ్వుతూ. ఆమె నర్సు. శుక్రవారం నాడు ఆ మనవి అందరికన్నా ముందు ఆమే చెప్పింది.

గాయపడినవాడు ఇంట్లో ఉండకూడదన్నది నేను పెట్టుకున్న పద్ధతి. జట్టు వచ్చే వేళకు వాడూ రావాలి. చికిత్స ముగిశాక జట్టు సాధన చూస్తూ కూర్చోవాలి. ఇంట్లో ఉంటే కండరంతో పాటు ఆట మీది మనసు కూడా సన్నబడుతుంది. మామూలుగా వాళ్లను బెంచీ మీద కూర్చోబెట్టేవాణ్ణి. బెంచీ మీద సాలెం కాళ్లు ఊరికే ఉండేవి కావు, ఎవరో ఒకరు బంతి తన్నితే లేచి తన్నేవాడు. అందుకని స్టాండ్‌లో అన్నిటికన్నా పై వరుసలో కూర్చోమన్నాను. తిరిగి తీసుకెళ్లాలి కాబట్టి ఓబులేసు కూడా పక్కనే.

ఓబులేసుకు ఫుట్‌బాల్ తెలియదు. వాళ్ల ఊళ్లో కబడ్డీ ఆడతారు. అతనికి తోచక ప్రశ్నలు మొదలుపెట్టాడు. ఇప్పుడు బంతి ఎవరికి పోతుంది, ఎందుకు పోతుంది, ఆ మూలన ఒకడు ఊరికే నిలబడ్డాడేం, వాడికి జీతం లేదా. మొదట సాలెం విసుక్కున్నాడు. తర్వాత పందెం పెట్టుకున్నారు. బంతి తన్నకముందే అది ఎవరికి వెళ్తుందో సాలెం చెప్పాలి. తప్పితే కిందికి దిగి టీ తేవాలి. కుంటి కాలితో సాలెం మాటిమాటికీ మెట్లు దిగడం నాకిష్టం లేక, టీ నేను తెప్పిస్తాను, మీరు పందెం మాత్రం వేసుకోండి అన్నాను.

ఒకసారి ఐస్ మార్చడానికి పైకి వెళ్లేసరికి ఇద్దరూ గొడవపడుతున్నారు.

"ఎడమవైపు వాడికి," అంటున్నాడు సాలెం.

"పోలే. చూడు, వెనక్కి కొట్టినాడు. ఓడిపోయినావు."

"ఎడమకే పోవాలి. అక్కడ ఎవరూ లేరు. వాడు తల ఎత్తి చూడలేదు."

"చూడకపోతే వాని తప్పు. చెప్పినోడివి నువ్వు. నీ తప్పే."

సాలెం నా వైపు తిరిగి, వీడికి న్యాయం తెలియదు దక్తూర్ అన్నాడు. ఆ మాట అంటూ మైదానం వైపు చూసి ఆగిపోయాడు. తల ఎత్తి చూడలేదన్న మాట తన నోటి నుంచే వచ్చిందని అతనికి తట్టిందో లేదో నేను అడగలేదు.

నెల గడిచాక ఓబులేసు ఒంటరిగా నా గదికి వచ్చాడు. ముఖంలో దిగులు.

"సార్, ఈ అబ్బి మెదడు గూడా ఒకసారి చూడండి సార్. బంతిని చూడడం మానేసినాడు. బంతి ఈడుంటే, ఈయప్ప ఆడ ఉత్త నేలను చూస్తాండాడు. అడిగితే, అదిగో ఆ చోటు ఇప్పుడు తెరుచుకుంటాది అంటాడు. నేలేంది సార్, తెరుచుకోడమేంది?"

నేను నవ్వి, అది జబ్బు కాదులే అన్నాను. అతను నమ్మలేదు.

ఎండాకాలమంతా వ్యాయామాలు. కండరాన్ని సాగదీస్తూనే బరువు మోయించే కసరత్తు, ఈత కొలనులో నడక, తర్వాత మెల్లటి పరుగు. సెప్టెంబర్‌లో పరీక్ష పెట్టాను. మైదానం సగం పొడవున పరుగు, ఆగడం, తిరగడం. నొప్పి లేదు. వేగం మాత్రం మునుపటిది కాదు. స్టాప్‌వాచ్ అక్కర్లేకుండానే తెలిసిపోయింది, చూస్తున్న మేనేజర్‌కు కూడా.

కొత్త కోచ్ అప్పుడే వచ్చాడు. బల్గేరియా మనిషి. సాలెం పాత ఆట చూసినవాడు కాదు. మేనేజర్ సాలెంను వింగ్‌లోనే ఆడించి చూడమన్నాడు. కోచ్ నన్ను అడిగాడు. ఎవరు ఎక్కడ ఆడాలో చెప్పడం నా పని కాదు. నా పరిధిలో ఉన్నంత మాత్రమే చెప్పాను: పొడవాటి పరుగులు పదేపదే చేస్తే ఈ కండరం నిలవదు, అది తప్ప అన్నీ చేయగలడు. అంటే మధ్యలో ఆడగలడు అన్నాడు కోచ్. వైద్యపరంగా అభ్యంతరం లేదన్నాను. మేనేజర్ నా వైపు ఒకసారి చూసి వెళ్లిపోయాడు.

మధ్యలో మొదటి మ్యాచ్ ఘోరంగా జరిగింది. సాలెం చూసిన చోటికి బంతి పంపేవాడు, అక్కడికి రావలసినవాడు వచ్చేవాడు కాదు. జనం పాత పరుగు కోసం అరిచారు. ముసలాడైపోయాడన్నారు, ఇరవయ్యేళ్లవాణ్ణి. ఓబులేసు స్టాండ్‌లో పక్కవాడితో కలబడబోయాడని తర్వాత తెలిసింది. సాలెం మాత్రం సాధనలో తన కుడివైపు వింగ్ కుర్రాణ్ణి, అంటే తన పాత స్థానంలో ఆడుతున్నవాణ్ణి, పక్కన కూర్చోబెట్టుకుని నీటి సీసాలు నేల మీద పేర్చి చూపించడం మొదలుపెట్టాడు. ఇదీ నువ్వు, ఇదీ వాడు, నేను ఇటు తిరగగానే నువ్వు అటు కదలాలి. రెండేళ్ల కింద ఎవరికీ బంతి ఇవ్వనివాడు.

చలికాలం మధ్యకు వచ్చేసరికి జట్టు మారిపోయింది. బంతి తన దగ్గరికి రాకముందే సాలెం భుజం మీదుగా రెండువైపులా చూసేవాడు. వచ్చాక ఒకటి, రెండుసార్లు కాలు తాకించి పంపేసేవాడు. అతన్ని తన్నడానికి వచ్చినవాడికి తన్నడానికి బంతి ఉండేది కాదు. అతని చీలమండలకు పట్టీ చుట్టే పని నాకు తగ్గింది. జనం అతను ఏం చేశాడో వెంటనే చూసేవారు కాదు, గోల్ పడ్డాక వెనక్కి లెక్కవేసుకుని అతని పేరు అరిచేవారు. కోచ్ అతనికి కెప్టెన్ పట్టీ కట్టాడు.

1996 వసంతంలో కప్పు సెమీఫైనల్. మా క్లబ్బు అంతదూరం వచ్చి చాలా ఏళ్లయింది. రెండో సగంలో స్కోరు సమానం. సాలెం ఒక బంతి పంపి, నెమ్మదిగా నడిచి ఆగాడు. పడిపోలేదు, తొడ పట్టుకోలేదు. మా బెంచీ వైపు చెయ్యి ఎత్తాడు. రిఫరీ పిలిస్తేనే ఫిజియో లోపలికి వెళ్లాలి, వెళ్లాక నిర్ణయానికి క్షణాలే ఉంటాయి. పిలుపు రాగానే పరిగెత్తి అతని కాలి దగ్గర కూర్చున్నాను.

ఎలా ఉందన్నాను.

"అల్‌హందులిల్లా," అన్నాడు. నేను రెండోసారి అడగకముందే, నా చెయ్యి పట్టుకుని కండరం మీద ఒక చోట పెట్టాడు. "ఇక్కడ. పట్టుకుంది, తెగలేదు. తిరిగినప్పుడు లాగుతోంది. ఆడితే తెగుతుంది. నన్ను తీసెయ్, దక్తూర్."

అది నేను పరీక్షించి కనుక్కోవలసిన విషయం. నా వేళ్లకు కూడా అదే తెలిసింది. చేతులు తిప్పి మార్పు సంజ్ఞ చేశాను. సాలెం గీత దాటేముందు, తన బదులుగా వస్తున్న కుర్రాణ్ణి ఆపి, వాళ్ల ఎడమ డిఫెండర్ అలసిపోయాడు, ఆ వెనక చోటు చూడు అని చెప్పి వచ్చి కూర్చున్నాడు. ఆ కుర్రాడు చూడలేదు. మేము ఒక గోల్ తేడాతో ఓడిపోయాం.

డ్రెస్సింగ్ రూములో మేనేజర్ అందరి ముందూ, సెమీఫైనల్‌లో తనంతట తాను దిగిపోయేవాడు కెప్టెనా అన్నాడు. సాలెం తల వంచుకోలేదు. నన్ను అడిగితే, నేను డాక్టర్ ముందే చెప్పాను: అన్నిటికన్నా తేలికైన మొదటి గ్రేడు పట్టు, రెండు వారాల విశ్రాంతి, తర్వాత ఆడతాడు. ఇంకో పది నిమిషాలు ఉండి ఉంటే ఈ మనిషి గురించి మనం మాట్లాడుకోవలసిన అవసరమే ఉండేది కాదు. మేనేజర్, రెండు వారాలు అన్నావు కదా, అదే మాట మీద ఉండు అని వెళ్లాడు. బయట బండి దగ్గర ఓబులేసు, "కప్పు పోతే పోయింది సార్, మళ్లీ చేస్చారు. కాలు చేయిస్చారా?" అన్నాడు.

రెండు వారాలకు సాలెం తిరిగి ఆడాడు. నేను ఆ క్లబ్బు వదిలేదాకా, ఆ తర్వాత కూడా చాలా సీజన్లు ఆడాడు. అతని ఆటను మెచ్చుకునేవాళ్లు అతని చూపు గురించి, పాసుల గురించి చెబుతారు. అవి నిజమే. కాని అతను గొప్ప ఆటగాడయ్యాడని నాకు రూఢి అయింది ఓడిపోయిన ఆ మ్యాచ్‌లో. తొడ వెనక కండరాన్ని అతికించడం మా చదువులో ఉంది. గాయపడినవాడు నిజం చెప్పేలా చేయడం మా చదువులో లేదు, మా చేతుల్లోనూ లేదు. అది ఆటగాడు తనంతట తాను నేర్చుకోవాలి. నేర్చుకున్నవాడి ఆట ఎక్కువ కాలం నిలుస్తుంది. ఆ తర్వాత నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చిన ఫిజియోలకు యంత్రాలకన్నా ముందు ఈ సంగతే చెప్పాను.